గురక ఆగిన చోట

మా ఆయనకి నిద్ర దేవుడిచ్చిన వరం అని మా చుట్టాలందరూ అనేవాళ్ళు. పెళ్ళి భోజనాల్లో విస్తరి ముందు కూర్చుని, వడ్డన కాస్త ఆలస్యమైతే చాలు, గడ్డం గుండెకి ఆనేది. సినిమా హాల్లో పేర్లు పడటం పూర్తయ్యేలోపే ఒక పక్కకి ఒరిగిపోయేవారు. క్షవరం చేయించుకుంటూ కుర్చీలోనే పడుకుంటారని, కత్తి మెడ దగ్గరికి తెచ్చేటప్పుడు తనకి భయంగా ఉంటుందని ఆ షాపతను ఒకసారి నాతో చెప్పాడు. "మాకు మాత్రలు వేసుకున్నా రాదమ్మా. మీ ఆయనది అదృష్టం," అని మా పెదమావగారు ఎప్పుడు కనపడినా అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

మాది పాలకొల్లు. ఆయనకి మోటార్ల షాపు ఉంది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు, వాటి మోటార్లు అమ్ముతారు, పాడైతే బాగుచేయిస్తారు. చెరువుల మీదకి తిరగాలి కాబట్టి కారు ఉంది, ఆయనే నడుపుతారు. నేను పక్క ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటోంది. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్యగారు.

మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చి, భోజనం చేసి, ఆయన పడుకునేవారు. ఇటువైపు ఊళ్ళలో అది వింతేం కాదు. ఎండ వేళకి సగం బజారు కునుకు తీస్తుంది. కానీ మిగతావాళ్ళు లేచి మొహం కడుక్కుంటే తేటగా ఉంటారు. ఈయన సాయంత్రం దాకా పడుకుని కూడా ఎవరో కొట్టి లేపినట్టు లేచేవారు. కళ్ళు ఎర్రగా, మొహం బరువుగా. ఒక టీ తాగి, ఇంకో టీ అడిగి, "ఏంటో, నిద్ర చాలినట్టు లేదు," అనేవారు. రాత్రి తొమ్మిదింటికల్లా మళ్ళీ మంచం ఎక్కేవారు.

ఆ నిద్రలో రెండో సగం నాకొక్కదానికే తెలుసు. గురక అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అది ఒక్క చప్పుడు కాదు. మొదట రంపం కోతలా మెల్లగా మొదలయ్యేది. పెరిగి పెరిగి కిటికీ రెక్క అదిరేంత అయ్యేది. తర్వాత, ఎవరో గొంతు పట్టుకున్నట్టు, టక్కున ఆగిపోయేది. ఆ ఆగడమే నన్ను లేపేది. గురక పెడుతున్నంతసేపూ నేను ఏదో ఒకలా పడుకునేదాన్ని. ఆగితే మాత్రం కళ్ళు తెరుచుకునేవి. చీకట్లో నేను కూడా ఊపిరి బిగబట్టి వినేదాన్ని. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనుకుంటుండగా, నీళ్ళలో మునిగి పైకి తేలినవాడిలా ఒక్క ఎగశ్వాస తీసుకుని, అటు తిరిగి, మళ్ళీ రంపం మొదలుపెట్టేవారు. నాకు గుండె దడ తగ్గేసరికి మళ్ళీ ఆగేది. భుజం పట్టుకుని కదిపితే, "ఏంటి, పడుకోనివ్వవా," అని విసుక్కునేవారు. పొద్దున్న అడిగితే ఆయనకి ఒక్కటీ గుర్తుండేది కాదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఎవరికి చెప్పినా నవ్వే సమాధానం. మా అత్తయ్యగారైతే, "గుర్రు పెట్టని మగాడెవడే అమ్మాయ్. వాళ్ళ నాన్నగారు పడుకుంటే వీధి అరుగు మీదకి వినపడేది," అని తేల్చేశారు.

మా మావగారిని నేను చూడలేదు. నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందే పోయారు. యాభై దాటీ దాటకుండానే, రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. ఆ చావు గురించి కూడా అందరూ మెచ్చుకుంటూనే మాట్లాడేవారు. నిద్రలో పోయాడు, మంచాన పడలేదు, ఎవరికీ శ్రమ ఇవ్వలేదు, పుణ్యాత్ముడు. నేనూ ఆ మాట నమ్మాను. ఆ గురకకీ ఆ చావుకీ సంబంధం ఉండొచ్చని నా తలకి తట్టలేదు.

నాకు తెలిసిన నిద్ర వేరు. మా నాన్న వ్యవసాయం చేసేవారు. కాలవ నీళ్ళ వంతు వచ్చిన రోజుల్లో రాత్రంతా గట్టు మీదే ఉండేవారు. తెల్లవారుజామున ఇంటికొచ్చి కాసేపు నడుం వాల్చి, మళ్ళీ లేచి పశువుల దగ్గరికి వెళ్ళేవారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక తువ్వాలు తల కింద పెట్టుకుని కొట్టం అరుగు మీద ఒక కునుకు తీసేవారు. పొయ్యి మీద పాలు పొంగే లోపు అయిపోయే కునుకు అది. అంతే, మళ్ళీ పాదరసంలా తిరిగేవారు. మనిషికి ఎంత నిద్ర కావాలో అది ఎవరి ఒంట్లో వాళ్ళకే రాసి ఉంటుందని నేను అప్పటినుంచీ అనుకుంటూ వచ్చాను. మా నాన్నకి కొంచెం చాలు, మా ఆయనకి ఎక్కువ కావాలి. మరి నాకెంత కావాలో తెలుసుకునే అవకాశం పెళ్ళయ్యాక నాకు రాలేదు.

స్కూలుకి వెళ్ళే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే కునికేదాన్ని. బోర్డు మీద మైనస్ గుర్తు వేయడం మర్చిపోతే పిల్లలు లేచి, "మేడమ్, అక్కడ మైనస్," అనేవాళ్ళు. మొదట్లో నెలకోసారి జరిగేది, తర్వాత రోజూ. మా హెడ్మిస్ట్రెస్ గారు ఒకరోజు పక్కకి పిలిచి అడిగారు.

"ఇంట్లో ఏమైనా ఇబ్బందా అండి?"

"లేదండి. నిద్ర సరిగ్గా ఉండట్లేదు."

"మన వయసుకి అంతేనండి. నాకూ అంతే," అన్నారావిడ.

ఆవిడే నాకొక దారి చూపించారు. భోజనం బెల్లు కొట్టాక క్యారేజీ త్వరగా ముగించి, స్టాఫ్ రూములో బల్ల మీద చేతులు మడిచి తల వాల్చుకోమన్నారు. తర్వాతి బెల్లుకి తనే లేపుతానన్నారు. మొదటిరోజు సిగ్గేసింది. రెండోరోజు నిద్ర పట్టింది. లేచేసరికి చెంప మీద గాజుల అచ్చు పడి ఉంది గానీ, మధ్యాహ్నం క్లాసులో మాత్రం తప్పు దొర్లలేదు. ఆ కాసేపు కునుకు నాకు చేసిన మేలు, ఆదివారాలు తీసే పెద్ద నిద్ర ఎప్పుడూ చేయలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు మూడు గంటలు పడుకుంటే తలనొప్పితో లేచి, రాత్రి గుడ్లగూబలా కూర్చునేదాన్ని. అదేమిటో అప్పుడు అర్థం కాలేదు. ఆయన కూడా అంతసేపే పడుకుంటారు, ఆయనకి రాత్రి కూడా పడుతుంది, అదొక్కటే గమనించాను.

పోయిన సంవత్సరం చలికాలంలో రాజమండ్రిలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. భోజనాలయ్యాక కాసేపు కూర్చోమని వాళ్ళు అన్నా, ఆయన షాపు తీయాలని బయల్దేరదీశారు. వెనక సీట్లో అత్తయ్యగారు, ఎక్కగానే పడుకున్నారు. ముందు సీట్లో నేను. తిన్న తర్వాత ఆయన కారు నడుపుతుంటే నేను మాట్లాడుతూనే ఉండాలన్నది మా ఇంట్లో ఎవరూ పైకి అనుకోని ఒప్పందం. సిద్ధాంతం దాకా గృహప్రవేశం గురించి మాట్లాడాను. పెనుగొండ దగ్గర మా అమ్మాయి గురించి. మార్టేరు దాటి కాలవ పక్క రోడ్డు పట్టాక మాటలు అయిపోయి, స్కూల్లో కొత్త టైమ్‌టేబుల్ గురించి మొదలుపెట్టాను.

"ఎనిమిదో తరగతి మొదటి పీరియడ్ నాకే వేశారు."

"ఊఁ."

"పొద్దున్నే బస్సు అందదు కదండీ."

"ఊఁ."

"ఆ మాటే హెడ్మిస్ట్రెస్ గారితో చెబుదామనుకుంటున్నా."

"ఊఁ," అన్నారు.

ఆ ఊఁ కొట్టడం మామూలుగానే ఉంది. కానీ కారు మెల్లగా కుడికి జరుగుతోంది. ఎదురుగా ఏదైనా గుంట తప్పిస్తున్నారేమో అనుకుని ఆయన వైపు చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాయి. రెండు చేతులూ స్టీరింగ్ మీద పద్ధతిగానే ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది. అద్దంలోంచి నాకు రోడ్డు కనపడటం లేదు, కాలవ నీళ్ళు కనపడుతున్నాయి.

నేనేం అరిచానో నాకు తెలీదు. స్టీరింగ్ పట్టుకుని నా వైపు లాగాను. కారు రోడ్డుకి అడ్డంగా తిరిగి, ఎడమ పక్కన పీచు మిల్లు కోసం పోగేసిన కొబ్బరి డొక్కల గుట్ట మీదకి ఎక్కి ఆగింది. డొక్కలు దొర్లి అద్దం మీద పడ్డాయి. ఇంజను ఆగిపోయింది. వెనక అత్తయ్యగారు సీటు కిందకి జారి, "ఊరొచ్చిందా?" అని అడిగారు.

మిల్లులోంచి మనుషులు వచ్చారు. ఒకావిడ చెంబుతో మజ్జిగ తెచ్చి ముందు అత్తయ్యగారికి ఇచ్చింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆయన దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు.

"కునుకు పట్టిందా అండి?" అని మిల్లు మేస్త్రి అడిగాడు.

"లేదండి. గేదె దూడ అడ్డం వచ్చింది," అన్నారు మా ఆయన.

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. కనుచూపు మేరలో దూడ లేదు. డొక్కలు తీయడానికి మనుషుల్ని పిలిచాడు.

ఇంటికొచ్చాక కూడా ఆయన ఆ దూడని వదల్లేదు. చుట్టుపక్కలవాళ్ళకి చెప్పారు, షాపులో చెప్పారు. దాని రంగు కూడా చెప్పారు. ఆయన చెరువుల మీదకి వెళ్ళిన ప్రతిసారీ, చేరారా అని ఫోన్ చేసేదాన్ని. కారు నడుపుతున్నప్పుడు ఫోన్ చేస్తావేంటని ఆయన కసురుకునేవారు. అదీ నిజమే. చేయకపోతే భయం, చేస్తే భయం.

చివరికి ఒక రోజు అడిగాను. "మీరు నిద్రపోయారండీ. నేను చూశాను."

"ఒక్క క్షణం కళ్ళు మూతపడి ఉంటాయి. తిన్న మత్తు. ఎవరికి రాదు?"

"ఊఁ కూడా కొట్టారు."

"నిద్రపోయేవాడు ఊఁ ఎలా కొడతాడు?" అన్నారు గెలిచినట్టు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన పడుకున్నాక, ఫోనులో రికార్డింగ్ పెట్టి దిండు పక్కన ఉంచాను. సాయంత్రం టీ తాగుతుండగా భోజనాల బల్ల మీద ఫోను పెట్టి వినిపించాను. అత్తయ్యగారు అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

గురక మొదలైంది. ఆయన నవ్వారు. "ఇదెవరిది, నాదేనా? ఇంత ఘోరంగానా?" అన్నారు. పెరిగింది. ఆగింది. ఆయన టీ గ్లాసు పట్టుకుని చూస్తున్నారు. ఫోనులోంచి ఏ చప్పుడూ లేదు. పైన ఫ్యాను చప్పుడు, వీధిలో ఎవరో కూరగాయలమ్ముకునే కేక, అంతే.

"ఫోన్ ఆగిపోయిందేమో చూడు," అన్నారు.

"ఫోన్ ఆగలేదండి."

గ్లాసు బల్ల మీద పెట్టారు. ఆ ఎగశ్వాస ఒక్కసారిగా ఫోనులోంచి వచ్చేసరికి ఆయన కుర్చీలో వెనక్కి జరిగారు. మళ్ళీ గురక. మళ్ళీ ఆగడం. మూడోసారి ఆగినప్పుడు ఆయనే చెయ్యి చాపి ఫోను ఆపేశారు.

అత్తయ్యగారి చేతుల్లో చిక్కుడుకాయ అలాగే ఉంది. "మీ నాన్నగారిది ఇదే చప్పుడు," అన్నారు. ఎవరి వైపూ చూడటం లేదు. "నేను కదిపేదాన్ని. కదిపితే మళ్ళీ మొదలయ్యేది. రోజూ కదిపేదాన్ని." కాయని గిన్నెలో పడేసి అన్నారు, "ఆ రాత్రి నాకు నిద్ర పట్టేసింది."

అంతకుముందు ఆవిడ ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. మా ఆయన తల్లి వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, "ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?" అని అడిగారు.

రాజమండ్రిలో ఊపిరితిత్తుల డాక్టరు ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఈసారి బస్సులో. ఆయన అడగాల్సినవన్నీ మా ఆయన్ని కాకుండా నన్నే అడిగారు. పడుకున్నవాడికి ఏం తెలుస్తుందమ్మా, పక్కనున్నవాళ్ళే సాక్ష్యం అన్నారు. ఒక రాత్రి అక్కడే ఉంచి, తలకీ ఛాతీకీ వేలికీ వైర్లు తగిలించి పడుకోబెట్టారు. మర్నాడు ఒక కాగితం మీద గీతలు చూపించారు. ఊపిరి ఆగిన ప్రతిచోటా గీత కిందకి జారింది. పేజీ నిండా అలాంటివే.

"మీవారు నిద్రపోవడం లేదమ్మా," అన్నారు డాక్టరుగారు.

నేను డాక్టరుగారి మొహంలోకి చూశాను. రోజుకి పన్నెండు గంటలు మంచం మీద ఉండే మనిషి గురించి ఆ మాట.

"గొంతు మూసుకుపోతుంది. ఊపిరి ఆడకపోతే మెదడు ఆయన్ని లేపుతుంది. లేచినట్టు ఆయనకి తెలీదు. రాత్రంతా ఇంతే. పైకి నిద్ర, లోపల కుస్తీ. ఇంక పగలు పడుకోక ఏం చేస్తారు?"

"అయితే మనిషికి ఎంత నిద్ర కావాలండి?" అని అడిగాను. అంత పెద్ద డాక్టరు దగ్గర చిన్నపిల్ల ప్రశ్నలా ఉందనిపించింది గానీ, ఎన్నాళ్ళ నుంచో నాలో ఉన్న ప్రశ్న అది.

"మన వయసువాళ్ళకి ఏడు గంటలు, కొంచెం అటూ ఇటూ. కొంతమందికి తక్కువ సరిపోతుంది, అలాంటివాళ్ళు మీరనుకున్నంత మంది ఉండరు. గంటలు ఒక్కటే చూస్తే సరిపోదమ్మా. లేచాక మనిషి ఎలా ఉన్నాడో చూడాలి."

"మధ్యాహ్నం కునుకు మంచిదేనా అండి?"

"చిన్నదైతే మంచిదే. పావుగంట, ఇరవై నిమిషాలు, అదీ మధ్యాహ్నం మూడింటి లోపు. గంటలకి గంటలు పడుకుంటే అది రాత్రి నిద్రలోంచి తీసుకున్నట్టే. కానీ ఈయనకి ఎంత కునుకూ సరిపోదు. జబ్బు ఉన్నప్పుడు కునుకు మందు కాదు." తర్వాత కళ్ళజోడు తీసి నన్ను అడిగారు. "మరి మీరెలా పడుకుంటున్నారు?"

ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు ఆ రోజు దాకా లేరు. బానే ఉందండి అన్నాను.

మెషీన్ వచ్చింది. మంచం పక్కన చిన్న పెట్టె, దానికో గొట్టం, ముక్కుకి తగిలించుకునే మాస్కు. గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మొదటి వారం ఆయన దానితో యుద్ధం చేశారు. ముక్కు ఎండిపోతోందని, పట్టీ బిగుతుగా ఉందని, ఏనుగు తొండం పెట్టుకుని ఎవడు పడుకుంటాడని. సగం రాత్రికి పీకేసి పక్కన పడేసేవారు. కారు తాళం నేను బియ్యం డబ్బాలో దాచాను. వరసగా పది రోజులు అది పెట్టుకుని పడుకుంటే ఇస్తానన్నాను. షాపు కుర్రాడి బండి వెనక కూర్చుని చెరువులకి తిరగడం ఆయనకి నామోషీ. ఆ నామోషీయే పని చేసింది.

ఆయన మారడం చూస్తే నాకే ఆశ్చర్యం. నెల తిరగకుండా మధ్యాహ్నం పడక మానేశారు. నిద్ర రావట్లేదని కాదు, దాని అవసరం పడలేదు. ఆ ఖాళీ అయిన మధ్యాహ్నం ఏం చేసుకోవాలో తెలీక ఇంట్లో ఉన్న ప్రతి కుళాయి వాషరూ మార్చారు. తెల్లవారుజామునే లేచి కాఫీ కలిపి నాకు తెచ్చి ఇచ్చేవారు. కబుర్లు చెప్పేవారు. ముప్పై ఏళ్ళ కాపురంలో తెల్లవారుజామున ఆయన మాట్లాడగా నేను విన్నది అప్పుడే. "నేనింతకాలం తడి దుప్పటి కప్పుకుని తిరిగినట్టు ఉందే," అన్నారొకరోజు. సంతోషం వేసింది. కాఫీ గ్లాసు పట్టుకోవడానికి కూడా చేతుల్లో ఓపిక లేకపోవడం ఆయనకి చెప్పలేదు.

ఎందుకంటే ఇప్పుడు నాకు నిద్ర లేదు. గది నిశ్శబ్దంగా ఉంది. మెషీన్ చేసే చప్పుడు పిల్లి ఊపిరంత. గురక లేదు కాబట్టి ఆగడమూ లేదు. నా చెవులకి ఆ సంగతి తెలీదు. అవి ఆగే క్షణం కోసం కాచుకుని ఉండేవి. ఎప్పటిలాగే ఉలిక్కిపడి లేచేదాన్ని. లేచి వంగి, మాస్కు దగ్గర చెయ్యి పెట్టి గాలి తగులుతోందో లేదో చూసేదాన్ని. కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుందో లేదో చూసేదాన్ని. పడుకుని, ఆయన ఛాతీ కదులుతోందా అని మళ్ళీ తల ఎత్తేదాన్ని. ఒకసారి ఆయన కళ్ళు తెరిచి, నా మొహం తన మొహం మీదే ఉండటం చూసి జడుసుకున్నారు.

స్టాఫ్ రూములో కునుకు కూడా పోయింది. బల్ల మీద తల పెడితే గుండె చప్పుడు వినిపించేది. హెడ్మిస్ట్రెస్ గారు లేపడానికి వచ్చి, నేను కళ్ళు తెరుచుకునే ఉండటం చూసి వెళ్ళిపోయేవారు.

ఆ రోజుల్లోనే మా టీచర్లకి సామర్లకోటలో వారం రోజులు ట్రైనింగ్ వేశారు. మా అక్క వాళ్ళది ఆ ఊరే, స్టేషన్‌కి దగ్గర్లో ఇల్లు. రైళ్ళు పక్కింట్లోంచి వెళ్తున్నట్టు ఉంటాయి. గూడ్సు బండి వెళ్తే అలమరలో స్టీలు గ్లాసులు మోగుతాయి. ఇక్కడ నాకు ఒక్క కునుకు కూడా పట్టదని అక్కతో అన్నాను. ఆవిడ ముందు గదిలో పక్క వేసింది.

అక్క నన్ను భుజం పట్టుకుని కుదిపి లేపింది. ఎండ కాళ్ళ మీద పడుతోంది.

"ట్రైనింగ్ లేదా ఇవాళ? మూడుసార్లు పిలిచాను."

టైము చూసుకుని గాభరాగా లేచాను. బట్టలు మార్చుకుంటూ అడిగాను, "రాత్రి రైళ్ళు రాలేదా?"

"రాకపోవడమేంటే. ఎప్పుడొచ్చేవన్నీ వచ్చాయి."

ఆ వారమంతా అలాగే పడుకున్నాను. ట్రైనింగులో చెప్పింది ఒక్కటీ పోకుండా తలకెక్కింది. ఆకలి వేసింది. చాలాకాలం తర్వాత అద్దంలో నా కళ్ళ కింద నలుపు కాస్త పల్చబడటం చూశాను. నాకు కావాల్సింది నిశ్శబ్దం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. అక్కడ నిశ్శబ్దమే లేదు. ఎవరి ఊపిరికీ నేను కాపలా లేను, అదొక్కటే తేడా.

అది తెలిసిన సంతోషం తిరుగు రైల్లోనే పోయింది. నిడదవోలు దాటేసరికి చెవులు మళ్ళీ ఆయన ఊపిరి కోసం కాచుకోవడం మొదలుపెట్టాయి. తెలుసుకున్నంత మాత్రాన ఒళ్ళు వినదు కదా. ఆయన బాగుండాలి, ఆయన పక్కన ఉంటే నాకు నిద్ర రాదు. ఈ రెండిటినీ ఎలా కలపాలో తోచలేదు. వేరే గదిలో పడుకుంటానని అడగాలంటే నోరు రాలేదు. ఇన్నాళ్ళూ గురక భరించి, ఇప్పుడు మనిషి బాగయ్యాక పక్క మారడం ఏమిటని ఆయన నొచ్చుకుంటారేమో. అత్తయ్యగారు ఏమనుకుంటారో.

అడగాల్సిన పని ఆవిడే తప్పించారు. నేను వచ్చిన రెండు రోజులకి, సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే నా వెనక వచ్చి నిలబడ్డారు.

"ఇవాళ్టి నుంచి నువ్వు నా గదిలో పడుకో."

"ఎందుకండీ?"

"రాత్రి నువ్వు లేచి తిరగడం నాకు వినపడుతుంది. నాకు ఎటూ రాత్రి నిద్ర ఉండదు. ఈ వయసులో పగలు కోడికునుకులు తీసుకోవడమే. హాల్లో వాడి గుమ్మం ఎదురుగా మడతమంచం వేసుకుంటాను. నేను చూసుకుంటాను వాణ్ణి."

"మీకెందుకండీ శ్రమ," అన్నాను.

"నాకు అలవాటేగా," అన్నారు. తీగ మీద ఉన్న ఆయన చొక్కా లాగి, మడత పెట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన మొదట ఒప్పుకోలేదు. "మెషీన్ ఉందిగా, మీ ఇద్దరూ నాకు కాపలా ఏంటి? నేనేమైనా పసిపిల్లాడినా?" అన్నారు. తర్వాత నా మొహం చూసి సరేనన్నారు. మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయనే నా సంగతి ఎత్తారు. "నాది కుదిరిందండి, ఇప్పుడు ఈవిడ పడుకోవట్లేదు," అని. డాక్టరుగారు నాకు మాత్రలేమీ రాయలేదు. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వెళ్ళిపొమ్మన్నారు, రోజూ ఒకే వేళకి లేవమన్నారు, గడియారం చూడొద్దన్నారు. భయం తగ్గడానికి టైము పడుతుందమ్మా, దాన్ని తొందరపెట్టొద్దు అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో ఇలా నడుస్తోంది. ఆయన ఏడు గంటలు పడుకుని, పిట్టలకంటే ముందు లేస్తారు. కారు మళ్ళీ నడుపుతున్నారు. భోజనమైన వెంటనే మాత్రం తీయరు, అది ఆయనంతట ఆయనే పెట్టుకున్న నియమం. అత్తయ్యగారు రాత్రి మడతమంచం మీద కూర్చుని జపం చేసుకుంటూ, పగలు టీవీ ముందు తల వాలుస్తారు. నేను ఆవిడ గదిలో, గోడకి అటువైపు పడుకుంటున్నాను. వారంలో నాలుగైదు రోజులు బాగా పడుతోంది. మిగతా రోజులు ఉలిక్కిపడి లేస్తాను, లేచి గుమ్మం దాకా వెళ్తాను. చీకట్లో అత్తయ్యగారు చెయ్యి ఎత్తి, బానే ఉన్నాడు, పో అన్నట్టు ఊపుతారు. వెనక్కి వచ్చి పడుకుంటాను. ఒక్కోసారి నిద్ర వస్తుంది. ఒక్కోసారి రాదు. రానప్పుడు దుప్పటి మడతపెట్టి వంటింట్లోకి వెళ్ళి, మర్నాటికి పప్పు నానబోసి, కాసేపు పీట మీద కూర్చుంటాను.